ముప్పై ఒకటో నంబరు కోటు

“కాలవలో వల వేసినారంటనా?”

పరంజ్యోతమ్మ ఆ మాట గోడను అడిగింది. మంగళవారం రాత్రి నుంచి ఆమె ఎవరి మొహమూ చూసి మాట్లాడడం లేదు. ఈ రోజు గురువారం. చిన్నకోడలు రెజీనా కనబడకుండా పోయి ఇది రెండో పగలు.

పెద్దకోడలు ఎలిశబెతు పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యిలో నిప్పు లేదు. పొద్దున పాస్టరమ్మ పంపిన ఇడ్లీలు మూత తీయకుండానే చల్లారిపోయాయి.

“వేసినారత్తా. మీ పెద్దబ్బాయి కూడా ఆడనే ఉండాడు. పాళెం నుంచి పదిమంది వచ్చి దిగినారంట.”

“చేపలకు వేసే వల,” అంది పరంజ్యోతమ్మ. “నా కోడలికి వేసినారు.”

బయట సరుగుడు తోపులో గాలి పెడుతున్న రొద ఇంట్లోకి వస్తోంది. ఎప్పుడూ వినే రొదే. ఈ రెండు రోజులుగా మాత్రం ఎలిశబెతుకు అందులో ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు అనిపిస్తోంది. లేచి తలుపు వేద్దామనుకుంది. వేస్తే అత్త ఏమనుకుంటుందోనని ఊరుకుంది.

టైటస్ మోకాళ్ళదాకా బురదతో లోపలికి వచ్చాడు. రెజీనా మొగుడు. ముప్పై ఏళ్ళవాడు రెండు రోజుల్లో నలభై దాటినట్టున్నాడు.

“ఏమీ తగల్లేదు,” అన్నాడు.

అది మంచి కబురో చెడ్డ కబురో తెలియక ముగ్గురూ కాసేపు నేల చూశారు.

“పోలీసులేమన్నారు?” అంది పరంజ్యోతమ్మ.

“ఏమంటారు! కంపెనీ రిజిస్టరులో మంగళవారం పొద్దున ఏడుకు లోపలికొచ్చినట్టు, సాయంత్రం ఐదుకు బయటికి పోయినట్టు ఉండాదంట. ఇంక కంపెనీలో చూసేదేముంది, రోడ్డు మీద, కాలవ గట్టు మీద చూసుకోండి అన్నారు.”

“ఒంట్లో బాగలేదు, పనికి పోనని ఆ పొద్దు కూడా మూలిగినాది పాపం,” అంది పరంజ్యోతమ్మ.

“ఇప్పుడు పాపమా?” టైటస్ గిర్రున తిరిగాడు. “దగ్గితే నాటకమంటివి. పడుకుంటే సోమరిపోతంటివి. ఏడాది పొడుగునా జ్వరమేందే నీకు, వాన్ వచ్చే టయానికే వస్తాదేందే అని వాకిట్లో నిలబడి అందరికీ వినబడేట్టు అంటివి గదమ్మా!”

“అన్నాను. నా నోరు పడిపోను, అన్నాను. నేనొక్కదాన్నే అన్నానా? ఊరంతా అన్నాది. నీ వదిన అనలేదా?”

టైటస్ చూపు వదిన మీదికి మళ్ళింది. ఎలిశబెతు చల్లారిన పొయ్యిలో పుల్ల సర్దింది.

“వదినా, ఇంకొక్కసారి చెప్పు. వాన్ దిగినాక అది ఎటు తిరిగినాది?”

“చెప్పినా గదా టైటస్. కొట్టు కాడికి పోయొస్తా, నువ్వు నడవక్కా అన్నాది. సబ్బు కొనుక్కోవాలన్నాది.”

“సబ్బు సంగతి నిన్న చెప్పలేదు నువ్వు.”

“ఇప్పుడే గుర్తొచ్చినాది.”

అబద్ధానికి ఆకలెక్కువ. పుట్టించి వదిలేస్తే ఊరుకోదు, రోజూ ఇంత పెట్టాలి. మొదటిరోజు కొట్టు పెట్టింది, ఈ రోజు సబ్బు పెట్టింది. రేపేం పెట్టాలో ఎలిశబెతుకే తెలియదు. మంగళవారం సాయంత్రం వాన్‌లో రెజీనా లేదు. పొద్దునా లేదు. అసలు ఆ రోజు రెజీనా వాన్ ఎక్కలేదు. ఆ సంగతి తెలిసింది ఎలిశబెతు ఒక్కదానికే. మొగుడు రాజ్ కుమార్‌కు కూడా చెప్పలేదు. అతను పొద్దుటి నుంచి నడుములోతు నీళ్ళలో వల లాగుతున్నాడు.

మంగళవారం పొద్దున ఆరింటికి వాన్ ఆగేచోట ఇద్దరే నిలబడి ఉన్నారు. రెజీనా గొంతు పూర్తిగా పోయింది. పైటకొంగు చెవుల చుట్టూ కప్పుకుని, “అక్కా, ఈ పొద్దుటికి కూడా చూసుకో. నిలబడలేను,” అని గుసగుసగా అంది. సిక్ లీవులన్నీ ఎండాకాలానికే అయిపోయాయి. ఇంకొక్క ఆబ్సెంటు పడితే పేరు కొట్టేస్తామని సూపర్‌వైజరు నరేంద్రబాబు చెప్పి ఉన్నాడు. ఈ నెలలో ఎలిశబెతు ఆమె బదులు చూసుకోవడం అది ఆరోసారి. ఒళ్ళు మండిపోయింది.

“చూసుకో, చూసుకో! నీ బదులు నిలబడి నిలబడి నా కాళ్ళు పోయినాయి. ఒక్కరోజన్నా నా బదులు నువ్వు నిలబడినావా?” అంది. అంతటితో ఆగినా బాగుండేది. “నీ రోగం నిన్ను చంపదు, నన్ను చంపుతాది,” అని కూడా అంది.

వాన్ వచ్చింది. ఎక్కి కూర్చుంది. వెనక్కి తిరిగి చూడలేదు. అక్కడి నుంచి సముద్రం అరమైలు దూరం. ఈ రెండు రోజులూ ఎలిశబెతు కళ్ళు మూసుకుంటే చాలు, ఆ అరమైలు ఇసుకలో కొంగు కప్పుకున్న మనిషి ఒకతె నడిచిపోతూ కనబడుతోంది.

నిజం చెప్పేస్తే కాలవలో వెతికేవాళ్ళు సముద్రం వైపు పోతారు. చెప్పాలనే ఉంది. కానీ చెబితే తనకూ పనిపోతుంది, తన బల్ల దగ్గర ఒకరి బదులు ఒకరు చూసుకునే ఎనిమిదిమందికీ పోతుంది. అన్నిటికంటే ముందు, వాన్ దగ్గర ఏమన్నావని టైటస్ అడుగుతాడు. ఆ ప్రశ్నకు భయపడే ఆమె కొట్టూ సబ్బూ పట్టుకుని వేళ్ళాడుతోంది.

“ఎలిశబెతా! ఉండావా?”

వాకిట్లో అంకాలమ్మ. పాళెం మనిషి, కంపెనీలో ఒకే బల్ల దగ్గర రొయ్యలు ఒలుస్తారు. మధ్యాహ్నం వేళ ఆమె ఇక్కడ ఉండడమే వింత. హాఫ్ డే పెట్టి వచ్చిందట. పరంజ్యోతమ్మ చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళతోనే ఎలిశబెతును పెరట్లోకి పిలిచింది.

బోరింగు దగ్గర ఇద్దరూ నిలబడ్డారు.

“నేనింక ఆ బల్ల కాడ నిలబడలేను మే,” అంది అంకాలమ్మ మెల్లగా. “నలభై ఏడు, మన రెజీనా నంబరు, నిలబడే చోటు ఉండాది చూడు, ఆడ నిన్నంతా దగ్గు.”

“ఎవురు దగ్గినారు?”

“ఎవురూ దగ్గలేదు. అదే నేను చెప్పేది. మనిషి లేదు, దగ్గుండాది. మిషన్ల మోతలో ఉండీ లేనట్టు. నేనొక్కదాన్నే విన్నానా, అందరూ విన్నారు. రెజీనా దగ్గే. ఊపిరి తెగినట్టు దగ్గుతాది చూడు, అట్టా. ఆ పిల్ల యాడో ప్రాణం వదిలి, పనికి రాకపోతే పేరు కొట్టేస్తారని వచ్చి నిలబడుకోనుండాది అన్నారు. ఆ చోటు వదిలేసి అందరం ఇవతలికి జరిగినాం.”

పట్టపగలు, ఎండ చెంపలు మాడ్చేస్తోంది. ఎలిశబెతు మాత్రం పైట భుజాల నిండా కప్పుకుంది.

“ఈ పొద్దు కూడానా?”

“ఈ పొద్దు లేదు. రాత్రి అమ్మోరికి మొక్కుకున్నా, పొద్దున టెంకాయ కొట్టి పనికి పోయినా. సద్దు లేదు. పీడ పోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.” అంకాలమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. “అది సరే, నీకెట్టా ఉండాది? మాత్ర పనిచేసినాదా?”

“ఏం మాత్ర?”

“అదేంది మే, మంగళవారం పదిగంటలప్పుడు నా చెవికాడకొచ్చి జ్వరం మాత్ర అడిగితివే. గొంతు బొత్తిగా లేదు నీకు. ఇచ్చినా గదా.”

ఎలిశబెతు బోరింగు పిడి పట్టుకుంది.

“నేను నిన్ను మాత్ర అడగలేదక్కా.”

“అడగలేదా? నీ కోటు చూసుకోనే గదా ఇచ్చినా. ముప్పై ఒకటి. నీ పక్కన నలభై ఏడు కూడా నిలబడుకోనుండాది. ఓహో, ఈ పొద్దు రెజీనా వచ్చినాదే అనుకున్నా.”

ఆ రొయ్యల కంపెనీలో మనుషుల్ని గుర్తుపట్టేది కోటును బట్టే. హాలులోకి పోయేముందు తెల్లకోటు వేసుకోవాలి, తలకు టోపీ, ముక్కూ నోరూ కప్పే గుడ్డ. బయటికి కనబడేవి రెండు కళ్ళు, వీపు మీద ఒక నంబరు. మొదట్లో వేలిముద్రల మిషను పెట్టారు. పెంకు ఒలిచి ఒలిచి, ఐసులో నాని నాని ఆ ఆడవాళ్ళ వేళ్ళ మీద గీతలే అరిగిపోయాయి. సగంమందిని మిషను గుర్తుపట్టలేదు. దాన్ని మూలకు తోసి, గేటు దగ్గర మేకుల బోర్డు పెట్టారు. వచ్చినవాళ్ళు తమ నంబరు బిళ్ళ మేకుకు తగిలించాలి, పోయేటప్పుడు తీసెయ్యాలి. పదిగంటలకు నరేంద్రబాబు హాలులోకి వచ్చి కోట్ల మీద నంబర్లు రాసుకుపోతాడు.

ఎవరన్నా రాకపోతే వాళ్ళ బిళ్ళ కూడా బల్లవాళ్ళే తగిలిస్తారు. పది కొట్టే వేళకు ఒకరు పోయి, రానిమనిషి కోటు తొడుక్కుని ఆ మనిషి చోట నిలబడతారు. సొంత నంబరు ఏదయ్యా అంటే, ఐసుకు పోయిందని ఎవరో ఒకరు చెబుతారు. మంగళవారం ఎలిశబెతు చేసింది అదే. తన కోటు మేకుకు తగిలించి, రెజీనా కోటు వేసుకుని, నలభై ఏడు చోట తల వంచుకుని నిలబడింది. తల ఎత్తితే పట్టుబడతానని పక్కకు కూడా చూడలేదు. నరేంద్రబాబు వచ్చాడు, రాసుకున్నాడు, పోయాడు. ముప్పై ఒకటి ఏదని అడగలేదు. దేవుడే ఆయన నోరు మూశాడనుకుని స్తోత్రం చెప్పుకుంది.

“అక్కా,” అంది ఎలిశబెతు. “నలభై ఏడు కోటులో ఉండింది నేను.”

అంకాలమ్మ ఆమె మొహంలోకి చూసింది.

“మరి నీ కోటులో ఉండిందెవురు?”

ఇద్దరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు, ఒకరి నుంచి ఒకరు.

అంకాలమ్మ అమ్మోరి పేరు తలుచుకుంది. ఎలిశబెతు నోట్లో ప్రార్థన తిరగలేదు. తాను చచ్చిపొమ్మన్నంత పని చేస్తే, ఆ పిల్ల సముద్రంలో పడి, తడిసిన ఒంటితో వచ్చి తన కోటే తొడుక్కుని తన పక్కనే నిలబడిందనుకుంది. ఆ తలపుతో బోరింగు గట్టు మీద కూలబడింది.

కానీ పోయినవాళ్ళు జ్వరం మాత్ర అడుగుతారా?

ఆ ప్రశ్న దగ్గర ఆమె ఆగింది. ఆ తర్వాత లేచి, ముఖం కూడా కడుక్కోకుండా ఇంట్లోకి పోయింది.

“టైటస్, బండి తియ్యి. కంపెనీకి పోవాల.”

“ఏముంది ఆడ?”

“కెమెరా ఉండాది. మంగళవారందంతా చూడాల. పద.”

*

గేటు దగ్గర వాచ్‌మన్ ఆదెయ్య వాళ్ళను చూడగానే కుర్చీలోంచి లేచాడు. టైటస్‌ను కాదు, ఎలిశబెతును చూసి తడబడ్డాడు.

“మామా,” అంది ఆమె. “మంగళవారం రెజీనాను నువ్వు చూసినావా?”

“చూసినానని పోలీసులకు చెప్పినా గదమ్మా.”

“ఎప్పుడు?”

ఆదెయ్య టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“పొద్దున... అందరితో పాటే.”

“మామా, నీకు దండం పెడతా. నాకు తెలుసు, అందరితో పాటు రాలేదు.”

టైటస్ వదిన వైపు విచిత్రంగా చూశాడు. ఆదెయ్య గొంతు తగ్గించాడు.

“పది కొట్టబోతా ఉండగా వచ్చినాదమ్మా. ఆటోలో వచ్చినాది. లేటుగా వచ్చినోళ్ళను వదిలితే నా ఉద్యోగం పోతాది. వెనక్కి పోమ్మా అన్నా. చేతులు పట్టుకోని, మాట రాక, బోర్డు చూపించినాది. చూస్తే నలభై ఏడు బిళ్ళ అప్పటికే మేకు మీద ఉండాది. లోపలున్న మనిషి బయట నిలబడుకోనుండాది! నాకేం అర్థం కాలా. ఏదో నా లెక్కే తప్పిందనుకోని వదిలేసినా. అదెవురికీ చెప్పలేదు.”

“ఆటోలో వచ్చినాదా?” అన్నాడు టైటస్. “వదినా, మీరిద్దరూ వాన్‌లో గదా పోయినారు?”

“పైకి పద. అంతా చెబుతా,” అంది ఎలిశబెతు.

నరేంద్రబాబు ముందు కుదరదన్నాడు. మేనేజరు పర్మిషనన్నాడు. టైటస్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. బురద కాళ్ళ వైపు, ఆ కళ్ళ వైపు చూసి నరేంద్రబాబు కంప్యూటరు తిప్పాడు.

తెర మీద హాలు కనబడింది. శబ్దం లేదు. అరవైమంది తెల్లగా, ఒకే రకంగా, తలలు వంచుకుని చేతులు ఆడిస్తున్నారు. రోజూ తాను నిలబడే చోటే అయినా పైనుంచి చూస్తుంటే ఎలిశబెతుకు అందులో ఒక్క మనిషీ తెలిసినట్టు అనిపించలేదు.

“పది గంటల రెండు నిమిషాలు,” అన్నాడు నరేంద్రబాబు. “ఇదిగో, నలభై ఏడు. మీ ఆవిడే. పనికి వచ్చిందా లేదా చూసుకోవయ్యా. ఊరికే కంపెనీ మీద పడితే ఎట్టా?”

టైటస్ తెరకు ముక్కు ఆనేంత దగ్గరికి వంగాడు.

“ఇది కాదు,” అన్నాడు.

“నంబరు కనబడటంలా?”

“నంబరు ఉండాది సార్. మనిషి కాదు. ఈ మనిషి ఎడమచేత్తో ఒలుస్తా ఉండాది.” అతని వేలు పక్కకు జరిగింది. “ఇది. ఈ ముప్పై ఒకటి. అదిగో భుజం ఎగరేసి దగ్గుతా ఉండాది. ఇదీ నా భార్య.”

నరేంద్రబాబు నవ్వబోయాడు. ఆ నవ్వు పూర్తి కాలేదు.

“ముప్పై ఒకటి ఈమె గదా,” అని ఎలిశబెతును చూపించాడు.

“కాదు సార్. ఆ ఎడమచెయ్యి నాది.”

చెప్పేసింది. రెజీనా వాన్ ఎక్కని సంగతి, కోటు మార్చిన సంగతి, సాయంత్రం కొట్టూ లేదు సబ్బూ లేదన్న సంగతి. వాన్ దగ్గర తానన్న మాటలు కూడా ఒక్కటి మింగకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ టైటస్ తెర వైపే చూస్తున్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

తెర మీద రెజీనా చేతులు ఆడుతున్నాయి. తన కోటు మేకు మీద లేకపోవడం చూసి ఆ పిల్లకు అంతా అర్థమై ఉంటుంది. అక్క నా చోట నిలబడింది, అక్క చోటు ఖాళీగా ఉంది, సార్ వచ్చి చూస్తే అక్కకు ఆబ్సెంటు పడుతుంది. అంతే ఆలోచించి ఉంటుంది. జ్వరంతో కాలిపోతూ వచ్చి ముప్పై ఒకటి తొడుక్కుని, ఎలిశబెతుకు జానెడు దూరంలో నిలబడి, ఎలిశబెతు పేర రొయ్యలు ఒలిచింది. ఒక్కమాట పలకరించలేదు. పొద్దున అన్ని మాటలు పడ్డాక ఏమని పలకరిస్తుంది? తానైనా ఒక్కసారి తల తిప్పి ఉంటే ఆ కళ్ళు గుర్తుపట్టి ఉండేది. ఎలిశబెతుకు గట్టిగా ఏడవాలనిపించింది.

పది గంటల పద్నాలుగు నిమిషాలు. ముప్పై ఒకటి అంకాలమ్మ చెవి దగ్గర వంగింది. ఏదో అందుకుంది. గోడ పట్టుకుంటూ వెనక తలుపు వైపు నడిచింది. తలుపు మూసుకుంది.

“తర్వాత?” అన్నాడు టైటస్.

నరేంద్రబాబు ముందుకు తిప్పాడు. పదకొండు. పన్నెండు. అన్నాల గంట. నాలుగు. ఐదు. ముప్పై ఒకటి మళ్ళీ ఆ తలుపులోంచి రాలేదు.

ఆ రోజు పదిన్నరకు ఎలిశబెతు కోట్లు మార్చుకోవడానికి పోతే తన కోటు మేకు మీద లేదు. మంగళవారం ఉతుకుడు రోజు, బట్టలవాళ్ళు పట్టుకుపోయారనుకుంది. పొద్దుపోయేదాకా నలభై ఏడులోనే ఉండిపోయింది.

“ఆ తలుపు యాడికి పోతాది సార్?” అన్నాడు టైటస్.

ఎలిశబెతే చెప్పింది.

“అట్టపెట్టెల గదికి. నిలబడలేనోళ్ళం అప్పుడప్పుడూ పోయి పెట్టెల వెనక పది నిమిషాలు ఒరుగుతాం. సార్‌కు తెలీదు.”

“మంగళవారం పదకొండుకు పెట్టెల లోడు దిగింది,” అన్నాడు నరేంద్రబాబు. “పైకప్పుదాకా నింపి, రెండువైపులా తాళాలు వేశారు. రేపు కంటైనరు వచ్చేదాకా తెరవరు. కానీ మనిషి లోపల ఉండే వీలే లేదయ్యా. సాయంత్రం బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలినా ఆదెయ్య తాళం వెయ్యడు, మనిషిని వెతుకుతాడు. అందుకే గదా ఆ బోర్డు పెట్టింది! మంగళవారం బోర్డు ఖాళీ. నేనే చూశా.”

“ఖాళీయే సార్,” అంది ఎలిశబెతు. “నలభై ఏడు, ముప్పై ఒకటి. రెండు బిళ్ళలూ నేనే తీసినా.”

ఆ గదికీ తమ బల్లకూ మధ్య ఒక్క గోడ. నిన్నంతా ఆ గోడ ఇవతల నిలబడి ఎనిమిదిమంది ఆడవాళ్ళు విన్నారు, భయపడి జరిగిపోయారు.

టైటస్ అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

*

తాళంచెవి స్టోరువాడి దగ్గర ఉంది. స్టోరువాడు విడవలూరులో ఉన్నాడు. నరేంద్రబాబు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. టైటస్ ఆగలేదు. ఐసు పగలగొట్టే గడ్డపార తెచ్చి తాళం మీద వేశాడు. హాలులో మిషన్లు ఆపించారు. ఒలుపు వదిలి ఆడవాళ్ళంతా వచ్చి వెనక నిలబడ్డారు. మొహాల మీది గుడ్డలు ఎవరూ తీయలేదు. అరవై జతల కళ్ళు.

“రెజీనా!” అని అరిచాడు టైటస్.

మిషన్లు ఆగిన హాలు అంత నిశ్శబ్దంగా ఉంటుందని ఎవరికీ తెలియదు. ఐసు కరిగి బల్లల మీది నుంచి నేలమీద చుక్కలు పడుతున్నాయి.

“రెజీనా, నేనే. అక్కను,” అంది ఎలిశబెతు తలుపు సందుకు నోరు పెట్టి. “వచ్చినా. పలుకమ్మా.”

నాలుగో దెబ్బకు తాళం ఊడింది. తలుపు జానెడు తెరుచుకుని, లోపల పెట్టెలు ఒరిగి ఉండడంతో అక్కడే ఇరుక్కుపోయింది. అట్టల వాసన వచ్చింది. టైటస్ నేల మీద బోర్లా పడి, భుజందాకా చెయ్యి లోపలికి దూర్చాడు. ఎలిశబెతు మోకాళ్ళ మీద వంగింది. చీకట్లో ముందు తెలుపు కనబడింది. తర్వాత వీపు. వీపు మీద తన నంబరు.

“చెయ్యి తగిలినాది వదినా,” అన్నాడు టైటస్.

“వెచ్చగా ఉండాదా?”

టైటస్ ఆ చల్లటి వేళ్ళను గుప్పిట్లోకి తీసుకున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.